పాతిక శాతం తేలేని వాళ్ళ సంగతేమిటి?

(మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నన్ను మాట్లాడమన్న విషయం వింటే మీలో కొందరికి నిద్ర ముంచుకు రావచ్చు. కంపెనీలు కాలేజీలతో, విశ్వవిద్యాలయాలతో కలిసి చేసే పరిశోధనలకి ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్ల గురించి చెప్పమన్నారు. పొద్దుటి నుంచీ గృహహింస కేసుల గురించి, రేషన్ కార్డుల గురించి మాట్లాడుకున్నాం. మధ్యలో ఈ గ్రాంట్ల గొడవేమిటి, దీనికీ మనకీ సంబంధమేమిటి అని ఎవరైనా అడిగితే తప్పు లేదు. కొన్నాళ్ళ క్రితం దాకా నేనూ అలాగే అనుకున్నాను. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. గ్రాంటు అంటే ల్యాబుకి గాజు సామాను కొనుక్కునే డబ్బు అని మాత్రమే తెలుసు.

నా ఆలోచన మార్చింది నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే ఒక పెద్దామె. సంఘం పని మీద ఆ ఊరు వెళ్ళినప్పుడు, చాటలో తునికాకు కత్తిరిస్తూనే నాతో అంది: "మా దగ్గర రక్తం తీస్కపోయిన్రు బిడ్డా. ఏం జూసిన్రో ఏమో, మళ్ల ఒక్కలు రాలే. నా రక్తంల ఏమున్నదో నాకే జెప్పకపోతే ఎట్ల?"

విచారిస్తే తేలింది ఇది. రక్తహీనత మీద ఒక పరిశోధన. పోషకాహార పొడి తయారుచేసే ఒక కంపెనీ, ఒక కాలేజీ కలిసి చేస్తున్నాయి. ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వ గ్రాంటు. రక్తం తీసుకెళ్ళిన అమ్మాయి ఆ కాలేజీలో పరిశోధక విద్యార్థిని. ఆమెను కలిసి అడిగాను. పాపం, కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "ఫలితాలు బయట పెట్టకూడదని ఒప్పందంలో రాసుకున్నారట మేడం. నా థీసిస్‌లో రాయడానికే ఇంకా అనుమతి రాలేదు" అంది. ఆ ఆడవాళ్ళకి ఎవరి హిమోగ్లోబిన్ ఎంతో ఒక చీటీ మీద రాసి ఇవ్వడానికి కూడా ఆ పిల్లకి ధైర్యం చాలలేదు.

డబ్బు ప్రజలది. ప్రయోగశాల ప్రజలది. రక్తం ఆ ఊరి ఆడవాళ్ళది. ఫలితం మాత్రం వాళ్ళది కాకుండా పోయింది. ఇంకో ప్రశ్న కూడా అప్పుడే నా బుర్రలో పడింది. పొద్దస్తమానం పొగాకు దుమ్ము పీలుస్తూ దగ్గుతున్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళిన పరిశోధన, ఆ దుమ్ము సంగతి వదిలిపెట్టి పొడి సంగతి ఎందుకు పట్టుకుంది? రక్తహీనత చిన్న విషయమని కాదు. కానీ ఏది పరిశోధన సమస్య అవుతుందో ఎవరు నిర్ణయిస్తున్నారు? ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయమే.

ముందు ఈ గ్రాంట్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. అమెరికాలో 1980లో బే-డోల్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ముతో చేసిన పరిశోధన మీద విశ్వవిద్యాలయాలు, చిన్న కంపెనీలు తామే పేటెంటు తీసుకోవచ్చని ఆ చట్టం చెప్పింది. 1992లో అక్కడే ఇంకో పథకం వచ్చింది. చిన్న కంపెనీ ఒక విశ్వవిద్యాలయంతోనో, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థతోనో కలిసి వస్తే ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. పనిలో కనీసం నలభై శాతం కంపెనీ, కనీసం ముప్ఫై శాతం పరిశోధన సంస్థ చెయ్యాలని నియమం పెట్టారు.

మన దేశంలో సరళీకరణ తర్వాత ఆ గాలి ఇటూ వీచింది. 2000 సంవత్సరంలో సీఎస్ఐఆర్ ద్వారా ఒక పథకం మొదలైంది. 2005లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ చిన్న కంపెనీల పరిశోధనకి సహాయ పథకం తెచ్చింది. ఇలాంటివన్నీ చూడడానికి 2012లో బైరాక్ అనే ప్రభుత్వ సంస్థనే పెట్టారు. 2015లో ఐఐటీల కోసం ఉచ్చతర్ ఆవిష్కార్ యోజన ప్రకటించారు. ఈ ఆఖరి దాని లెక్క కొంచెం వివరంగా చెబుతాను. లెక్క అర్థమైతే రాజకీయం అర్థమవుతుంది.

ఒక పరిశోధనకి కోటి రూపాయలు ఖర్చవుతుందనుకోండి. అందులో యాభై లక్షలు అప్పటి మానవ వనరుల మంత్రిత్వ శాఖ ఇస్తుంది. పాతిక లక్షలు ఇంకో మంత్రిత్వ శాఖ ఇస్తుంది. మిగతా పాతిక లక్షలు కంపెనీ పెట్టాలి. అంటే డెబ్భై అయిదు పైసలు మనవి, పావలా కంపెనీది. కానీ ఆ పావలా లేకపోతే మన ముప్పావలా కదలదు. పరిశ్రమకి అవసరమైన పరిశోధన జరగాలన్నదే పథకం ఉద్దేశమని ప్రభుత్వమే చెప్పింది. కాబట్టి ఏ సమస్య మీద పని చెయ్యాలో నిర్ణయించే శక్తి ఆ పావలా దగ్గర ఉంటుంది.

ఇప్పుడు మన బీడీ కార్మికురాలి దగ్గరికి వద్దాం. పొగాకు దుమ్ము ఆమె ఊపిరితిత్తులని ఏం చేస్తున్నదో తెలుసుకునే పరిశోధనకి ఏ బీడీ యజమాని పాతిక శాతం పెడతాడు? ఫలితం వస్తే నష్టపరిహారం కట్టాల్సింది ఆయనే కదా! వరి నాట్లు వేసే స్త్రీల నడుము నొప్పి మీద పరిశోధనకి పాతిక శాతం ఎవరు తెస్తారు? నాటు మిషన్ మీద పరిశోధనకైతే కంపెనీ తెస్తుంది. మిషన్ మంచిదే కావచ్చు, వంగిన నడుములకి విశ్రాంతి ఇస్తుంది. కానీ అదే మిషన్ ఆ సీజనులో ఆమె కూలి మొత్తాన్నీ తీసుకుపోతుంది. నడుమూ బాగుండాలి, కూలీ ఉండాలి అన్నది ఆమె సమస్య. ఆ సమస్యని అమ్ముకునే మార్గం లేదు గనక దానికి కంపెనీ లేదు. కంపెనీ లేదు గనక వాటా లేదు, వాటా లేదు గనక పరిశోధన లేదు. స్త్రీలు పనికిరారని ఈ పథకాల్లో ఎక్కడా రాసి ఉండదు. పాతిక శాతం తెమ్మని రాసి ఉంటుంది, అంతే. ఆస్తి లేని వాళ్ళని బయట నిలబెట్టడానికి అది చాలు. ఈ దేశంలో ఆస్తి లేని వాళ్ళలో ఎక్కువమంది ఎవరో నేను మీకు చెప్పక్కర్లేదు.

అవతలి వాదన కూడా న్యాయంగా చెప్పుకోవాలి. మన దేశం పరిశోధన మీద పెడుతున్నది చాలా తక్కువ. 2020-21 లెక్కల ప్రకారం జాతీయోత్పత్తిలో 0.64 శాతం. అందులో ప్రైవేటు రంగం పెట్టింది మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. కంపెనీల చేత ఖర్చు పెట్టించాలి, ప్రయోగశాలలో కనిపెట్టింది బీరువాలో మగ్గిపోకుండా జనానికి చేరాలి అంటుంది ప్రభుత్వం. ఈ మాటలో నిజం ఉంది. కాలేజీల్లో ఎన్ని పరిశోధన గ్రంథాలు చెదలు పట్టాయో నాకు తెలుసు. కంపెనీతో కలవడమే పాపం అని నేను అనడం లేదు. ఏ షరతుల మీద కలుస్తున్నారు అని అడగమంటున్నాను.

మంచి షరతు సాధ్యమేనా? సాధ్యమే. మనకి తెలిసిన ఉదాహరణే ఉంది. పసిపిల్లల విరేచనాలకి కారణమయ్యే రోటా వైరస్‌కి టీకా. 1980ల మధ్యలో ఢిల్లీలో ఎయిమ్స్ వైద్యులు అప్పుడే పుట్టిన పిల్లల్లో జబ్బు చెయ్యని ఒక రకం వైరస్‌ని గుర్తించారు. టీకాకి అదే మూలం. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, అమెరికా ప్రభుత్వ సంస్థలు, విశ్వవిద్యాలయాలు, దాతృత్వ సంస్థలు, హైదరాబాదులోని భారత్ బయోటెక్ కంపెనీ ఏళ్ళ తరబడి కలిసి పనిచేశాయి. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువుల మీద ఆఖరి దశ పరీక్షలు జరిగాయి. డోసు ఒక్క డాలరుకే ఇస్తామని కంపెనీ ముందుగానే ప్రకటించింది. 2015లో టీకా విడుదలైంది. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇవాళ అంగన్‌వాడీ దగ్గర చంటిపిల్లకి చుక్కలు వేయించే తల్లి ఆ భాగస్వామ్యం ఫలితాన్నే అందుకుంటున్నది. ప్రజల సొమ్ము పెట్టినప్పుడు ధర గురించి ముందే మాట్లాడుకోవచ్చని దీనివల్ల తేలింది. మాట్లాడుకోకపోతే అది చేతకాక కాదు, ఇష్టం లేక.

రెండో ఉదాహరణ దీనికి ఎదురుది. బీటీ వంకాయ మీకు గుర్తుండే ఉంటుంది. దాని వెనక ఉన్నది కూడా ఇలాంటి గ్రాంటే. అది మన ప్రభుత్వానిది కాదు, అమెరికా ప్రభుత్వానిది. అప్పటి యూఎస్ఎయిడ్ డబ్బుతో, కార్నెల్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఆ ప్రాజెక్టు నడిచింది. ఇక్కడ మహికో కంపెనీ, కోయంబత్తూరు, ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అందులో భాగస్వాములు. కంపెనీ జన్యువు తెచ్చింది. విశ్వవిద్యాలయాలు స్థానిక వంగ రకాలు తెచ్చాయి. ఆ రకాలు విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లో పుట్టలేదు. మంచి కాయని ఎంచి, పండనిచ్చి, విత్తనం తీసి, బూడిదలో కలిపి దాచిన చేతులు రైతు స్త్రీలవి. వాళ్ళని ఎవరు అడిగారు?

2010 జనవరి, ఫిబ్రవరి నెలల్లో హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఫిబ్రవరి 9న అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ బీటీ వంకాయ మీద తాత్కాలిక నిషేధం ప్రకటించారు. స్థానిక రకాలని చట్టప్రకారం అనుమతి లేకుండా వాడారన్న ఫిర్యాదు మీద చర్య తీసుకోవాలని 2011లో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిర్ణయించింది. తాము తప్పు చెయ్యలేదని కంపెనీ అంది. తప్పొప్పులు అటుంచితే, ఒక పాఠం మాత్రం స్పష్టం. ఆ భాగస్వామ్యంలో డబ్బు తెచ్చిన వాళ్ళని భాగస్వాములన్నారు, జన్యువు తెచ్చిన వాళ్ళని భాగస్వాములన్నారు, విత్తనం తెచ్చిన వాళ్ళకి మాత్రం పేరే లేదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలోనూ జీవవైవిధ్య కమిటీ ఉండాలి. అందులో మూడో వంతు స్త్రీలుండాలని 2004 నిబంధనలు చెప్పాయి. మీ ఊళ్ళో ఆ కమిటీ ఉందా? ఉంటే ఎప్పుడైనా కూర్చుందా? 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఉల్లంఘనలకి జైలు శిక్ష తీసేసి జరిమానాలు పెట్టారు. జైలు భయం ఉన్న రోజుల్లోనే మనని అడగలేదు. ఇక మన కమిటీలు నిద్రపోతే ఎవరడుగుతారు?

మూడోది, ఒప్పుకోలు. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా కార్యక్రమం జరిగింది. ఇది కాలేజీ గ్రాంటు కాదు. ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం, పాత్ అనే అమెరికా సంస్థ నడిపాయి. టీకాలు విదేశీ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. అయినా మనం మర్చిపోకూడని పాఠం గనక చెబుతున్నాను. పది నుంచి పధ్నాలుగేళ్ళ ఆడపిల్లలు దాదాపు పధ్నాలుగు వేలమందికి సూదులు వేశారు. తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట చాలామందికి హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. మహిళా ఆరోగ్య కార్యకర్తలు భద్రాచలం వెళ్ళి, పిల్లలతో మాట్లాడి బయటపెడితేనే ఈ సంగతి దేశానికి తెలిసింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. పిల్లల మరణాలకి టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. సమ్మతి తీసుకున్న తీరులో లోపాలున్నాయనీ అదే కమిటీ చెప్పింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇంకా గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది ఒక ప్రశ్న. గిరిజన బాలిక శరీరం మీద నిర్ణయం వార్డెన్ చేతిలో ఉండొచ్చా అన్నది వేరే ప్రశ్న. మొదటి ప్రశ్నకి జవాబు దొరికిందని రెండో దాన్ని వదిలిపెట్టకూడదు.

ఇదంతా గడిచిపోయిన కథ అనుకోకండి. 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం వచ్చింది. అయిదేళ్ళకి యాభై వేల కోట్ల అంచనా వేశారు. అందులో ప్రభుత్వం వాటా 14,000 కోట్లు. మిగతా 36,000 కోట్లు ప్రభుత్వ, ప్రైవేటు సంస్థల నుంచి, దాతల నుంచి రావాలన్నారు. మన పాతిక శాతం లెక్క ఇక్కడ డెబ్భై శాతం దాటింది. తర్వాత 2025 జూలైలో కేంద్ర మంత్రివర్గం లక్ష కోట్ల రూపాయల పరిశోధన నిధిని ఆమోదించింది. నవంబరులో దాన్ని ప్రారంభించారు. ఇది గ్రాంటు కూడా కాదు. ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో ఇచ్చే దీర్ఘకాలిక పెట్టుబడి. మన పొదుపు సంఘం ఒక్క నెల కంతు తప్పితే ఇంటి ముందు ఎంత రభస జరుగుతుందో మీకు తెలుసు. లక్ష కోట్లకి ఏ షరతులున్నాయో తెలుసుకునే హక్కు మనకి లేదా?

మరి మనం ఏం చెయ్యాలి? అయిదు విషయాలు చర్చకి పెడుతున్నాను.

ఒకటి. ప్రతి పరిశోధన నిధిలో కొంత భాగాన్ని కంపెనీ వాటా అడగకుండా పూర్తిగా ప్రభుత్వ ఖర్చుతో చేసే పరిశోధనలకి విడిగా ఉంచాలి. బీడీ దుమ్ము, పత్తి చేలో పురుగుమందు, పారిశుద్ధ్య కార్మికురాలి చేతులు, ఇవన్నీ అక్కడ పరిశోధన సమస్యలు కావాలి. సమస్యల్ని ఎంపిక చేసే కమిటీల్లో శ్రామిక స్త్రీల ప్రతినిధులుండాలి.

రెండు. వాటా అంటే నగదు మాత్రమే అనే పద్ధతి మారాలి. కంపెనీ తన యంత్రాన్ని, తన ఇంజనీరు సమయాన్ని లెక్కకట్టి వాటా కింద చూపిస్తే కొన్ని పథకాల్లో ఒప్పుకుంటారు. అలాంటప్పుడు స్త్రీలు ఇచ్చే విత్తనం, పని సమయం, అనుభవ జ్ఞానం ఎందుకు లెక్కకి రావు? జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు ఎన్నో చిరుధాన్యాల రకాలని కాపాడుకున్నారు. వాళ్ళ విత్తన గుమ్ములని వెలకడితే ఏ కంపెనీ వాటాకి తీసిపోతాయి?

మూడు. ప్రజల సొమ్ముతో తయారైన వస్తువు ధర, ఎవరికి ముందు అందాలి, పేటెంటు ఎవరిది అన్నవి గ్రాంటు ఇచ్చే రోజే రాసుకోవాలి, బయట పెట్టాలి. అమెరికా చట్టం నమూనాలో మన పార్లమెంటులోనూ 2008లో ఒక బిల్లు పెట్టారు. శాస్త్రవేత్తలు, ప్రజా ఆరోగ్య సంఘాలు అభ్యంతరాలు చెప్పాయి. 2014లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అడిగితే ఆగుతుంది అనడానికి అదొక నిదర్శనం.

నాలుగు. రక్తం ఇచ్చిన వాళ్ళకి, వివరాలు ఇచ్చిన వాళ్ళకి వాళ్ళ ఫలితం వాళ్ళ భాషలో చెప్పాలి. ఏ వ్యాపార రహస్యమూ ఒక మనిషికి తన ఒంటి సంగతి తెలియకుండా అడ్డం రాకూడదు. ఊళ్ళోకి ఎవరైనా నమూనాల కోసం వస్తే డబ్బు ఎవరిది, కంపెనీ ఏది, ఫలితం ఎప్పుడు చెబుతారు అని మన సంఘం అడగాలి. రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి.

అయిదు. ఈ ప్రాజెక్టుల్లో పనిచేసే అమ్మాయిల సంగతి. ఉపకార వేతనం సమయానికి రావాలి. థీసిస్ రాసుకునే, ప్రచురించుకునే హక్కు ఒప్పందంలో ఉండాలి. ప్రాజెక్టు కోసం కంపెనీకి వెళ్ళిన అమ్మాయిని అక్కడి అధికారి వేధిస్తే, మా ఆవరణలో జరగలేదని కాలేజీ తప్పించుకోవడానికి వీల్లేదు. యూజీసీ 2015 నిబంధనల్లో ఆవరణ అంటే ఇంటర్న్‌షిప్‌లు, క్షేత్ర పర్యటనలు జరిగే చోట్లు కూడా వస్తాయి. ఈ ఒక్క వాక్యం ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద ఉండేట్టు చూడండి.

ఇక మన చేతిలో ఉన్న ఆయుధం సమాచార హక్కు. మీ జిల్లాలోని విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టండి. గత అయిదేళ్ళలో కంపెనీలతో కలిసి చేసిన పరిశోధనలెన్ని, ప్రభుత్వం ఎంత ఇచ్చింది, కంపెనీ ఎంత ఇచ్చింది, ఒప్పందాల నకళ్ళు ఇవ్వండి అని అడగండి. వ్యాపార రహస్యం, ఇవ్వం అంటారు. చట్టంలో 8(1)(డి) అని ఒక మినహాయింపు ఉంది నిజమే. కానీ విశాల ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని అదే క్లాజు చెబుతున్నది. ఆ మాట మీద అప్పీలు చెయ్యండి.

ఇవన్నీ చదువుకున్న వాళ్ళ లెక్కలు, మనవల్ల కాదు అనుకోకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న స్త్రీలు సారా వేలంపాటల లెక్క అడిగారు. ఎక్సైజు ఆదాయం సంగతి మీకేం తెలుసు అన్నవాళ్ళు ఆనాడూ ఉన్నారు. మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది. మా ఇంటి గోడు మాకు తెలుసు, అందుకే మీ లెక్క అడుగుతున్నాం అన్నారు వాళ్ళు. మనం అడగాల్సిందీ అలాగే.

ఆ బీడీల పెద్దామె దగ్గరికి తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఆ అమ్మాయినీ వెంట తీసుకెళ్ళాను. కాలేజీకి సంఘం తరఫున రాసిన ఉత్తరానికి జవాబుగా, ఎవరి ఫలితం వాళ్ళకి చెప్పడానికి మాత్రం అనుమతి వచ్చింది. అమ్మాయి అరుగు మీద కూర్చుని ఒక్కొక్కరి పేరు పిలిచి, ఎంత ఉందో, ఏం తినాలో, ఎవరు ఆసుపత్రికి వెళ్ళాలో చెప్పింది. పెద్దామె అంతా విని, తన చీటీ కొంగున ముడేసుకుని, "మంచిగున్నది బిడ్డా. మరి ఈ దగ్గు సంగతి ఎవరు జూస్తరు?" అని అడిగింది.

ఆ ప్రశ్నకి నా దగ్గర ఇంకా జవాబు లేదు. దాన్నే మీ ముందు పెట్టి ముగిస్తున్నాను. మధ్యాహ్నం బృంద చర్చల్లో ప్రతి జిల్లా వాళ్ళూ కూర్చుని, మీ ప్రాంతంలో పాతిక శాతం తెచ్చేవాళ్ళు లేక మిగిలిపోయిన సమస్యలేమిటో ఒక జాబితా రాయండి. మనం ప్రభుత్వం ముందు పెట్టే మొదటి కాగితం అదే అవుతుంది.